లాగే బండి, ఎక్కే బండి

మార్చి 2

షోరూంలో మళ్ళీ సగం రోజు గడిచింది. ఒకే పికప్, రెండు రకాలు, అంటే రెండు ట్రిమ్‌లు. ఇంజను ఒకటే, గేర్‌బాక్స్ ఒకటే, మొహం కూడా ఇంచుమించు ఒకటే. బరువులు లాగే టో ట్రిమ్‌కి వెనక గట్టి స్ప్రింగులు, ట్రైలర్ తగిలించే బరువైన హిచ్, ట్రైలర్ బ్రేకులకు వేరే కంట్రోలర్. 3500 కిలోలు లాగుతుంది. ఆఫ్‌రోడ్ ట్రిమ్ ఎత్తు ఎక్కువ, టైర్లు లావు, ముందు తాడు చుట్టుకుని లాగే వించ్, ఎంత గుంతలో పడినా లోపలివాళ్ళ నడుము పట్టెయ్యకుండా మెత్తటి స్ప్రింగులు. ఆ మెత్తదనం వల్లే అది లాగేది 2500 దగ్గర ఆగిపోతుంది. బ్రోషర్ అట్ట మీద మాత్రం రెండు బళ్ళ ఫొటోల కిందా కలిపి ‘3500 కిలోల వరకు’ అని ఇంతింత అక్షరాలు. పక్కన చుక్కంత నక్షత్రం గుర్తు. ఆ అంకె ఆఫ్‌రోడ్ ట్రిమ్‌కి కాదన్న సంగతి చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

సేల్స్ అమ్మాయి తెలివైనది. ఏం లాగుతారని ముందే అడిగింది. జనరేటర్లు అన్నాను. నేను అద్దెకిచ్చేవి చక్రాల మీద ఉంటాయి, కరెంటు లేనిచోటికల్లా లాక్కెళ్ళాలి. అయితే టో ట్రిమ్మే, ఇంకో ఆలోచన వద్దంది. సరేనని సంతకం పెట్టాను.

సంతకం పెట్టాక ఊరికే ఆఫ్‌రోడ్ బండి ఎక్కి కూర్చున్నాను. దిగబుద్ధి కాలేదు.

మార్చి 5

తోడల్లుడు బండి కొన్నాడు. అదే పికప్. ఆఫ్‌రోడ్ ట్రిమ్.

మా ఆవిడ అక్క మొగుడు. పళ్ళ డాక్టరు. ఆయన ఇంటికీ క్లినిక్‌కీ మధ్య ఎక్కాల్సిన కొండ అంటూ ఏదైనా ఉంటే అది బ్యాంకు ముందున్న స్పీడ్ బ్రేకర్. పోయిన నెల మాటల్లో నేను ఫలానా పికప్ చూస్తున్నానని చెబితే, మంచిదేనా తమ్ముడూ అని అడిగాడు. చాలా మంచిది అన్నయ్యా అని నా నోటితో నేనే చెప్పాను. ఎవరైనా నా నోటికి ప్లాస్టర్ వెయ్యాల్సింది.

ముందు బుక్ చేసింది నేను. నాకు ఇంకా రెండు వారాలు పడుతుందట. ఆయనకు చేతిలో పెట్టి పంపించారు.

మార్చి 6

రంగు కూడా బాగుంది.

మార్చి 8

డాక్టరు బండి చూపించడానికి వచ్చాడు. మా బుడ్డది చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. పెదనాన్న వించ్ తాడు బయటికి లాగి చూపిస్తుంటే చప్పట్లు కొట్టింది. నేను జనరేటర్ స్టార్ట్ చేస్తే చెవులు మూసుకునే పిల్ల. మా ఆవిడ బావగారి బండి చుట్టూ తిరిగి తిరిగి చూసింది.

నేనూ నాలుగు మాటలన్నాను. ఆ టైర్లు తారురోడ్డు మీద జోరీగల్లా మోగుతాయన్నాను. ఆ రంగు మీద దుమ్ము ఇట్టే తెలిసిపోతుందన్నాను. అంత ఎత్తు అత్తగారి మోకాళ్ళకు మంచిది కాదన్నాను. మైలేజీ సంగతి అడక్కపోవడమే మేలన్నాను. డాక్టరు ప్రతిదానికీ అవునా తమ్ముడూ అంటూ తలూపాడు. ఆయనకు కోపం రాదు, అదొక జబ్బు. నవ్వితే పళ్ళు వరసగా ఉంటాయి.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ, ఏడుపు మరీ అంతలా పైకి కనిపించకూడదు అంది. నాకేం ఏడుపు అన్నాను.

దీన్ని ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఏడుపే. కడుపు మండిపోతోంది.

మార్చి 12

అత్తగారింట్లో భోజనాలు. మామగారు పడవ పూర్తయిందని చెప్పారు. రిటైరైన దగ్గర్నుంచీ షెడ్డులో అదే పని. చిన్నదేం కాదు, పైన క్యాబిను, లోపల ఇంజను, కూర్చోవడానికి బెంచీలు. కొండ దాటించి అవతలి రిజర్వాయర్‌లో దింపాలి. ట్రైలర్ కూడా తెప్పించారు. పడవతో కలిపి కాటా వేయిస్తే 3100 కిలోలు తూగింది. లాగే బండి అద్దెకు దొరుకుతుందా అని అడిగారు, అందర్నీ.

డాక్టరు వెంటనే, అద్దె ఎందుకు మావయ్యా, నా బండి ఉందిగా అన్నాడు. 3500 లాగుతుందట. అట్ట మీద చూశాడట.

మామగారి మొహం వెలిగిపోయింది. ఆ ఇంట్లో ఫ్యూజు పోతే నేను, మోటారు పట్టేస్తే నేను, షెడ్డుకి లైట్లు బిగించింది నేను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ వెలుగు నా వైపు తిరగలేదు. నా బండి కూడా వస్తోందనీ, అది లాగడానికే పుట్టిందనీ ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆఫ్‌రోడ్ ట్రిమ్‌కి 2500 దాటకూడదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మంచినీళ్ళు తాగి మింగేశాను.

మార్చి 13

చదువుకున్నవాడే కదా. చివరి పేజీ ఆయనే చదువుకుంటాడు. నేనెందుకు చెప్పాలి.

మార్చి 19

నా బండి వచ్చింది. తెలుపు. బుడ్డది ఒకసారి ఎక్కి, దీనికి వించ్ ఏది అని అడిగి దిగిపోయింది. మా ఆవిడ, ఇది కూడా బాగుంది అంది. ఆ ‘కూడా’ పొద్దుట్నుంచీ గొంతులో ముల్లులా ఉంది.

పెద్ద జనరేటర్ తగిలించి చూశాను. వెనక ఏమీ లేనట్టే లాగింది. చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు.

మార్చి 22

రోజూ అదే సినిమా వేసుకుంటున్నాను. కొండ మొదట్లోనే డాక్టరు బండి వెనక్కి చతికిలబడుతుంది. ముక్కు పైకి లేస్తుంది. ఇంజను కేకలు పెడుతుంది గానీ కదలదు. అందరూ దిగుతారు. మామగారు మెల్లగా నా వైపు తిరుగుతారు. నేనేమీ అనను. తాపీగా హిచ్ విప్పి నా బండికి తగిలించుకుంటాను.

ఎక్కేటప్పుడు ఆగిపోతుంది, అంతే. ఎవరికీ ఏమీ కాదు.

దిగేటప్పటి సంగతి ఆలోచించడం మొదలుపెట్టి ఆపేశాను.

మార్చి 26, ఉదయం 6

బయల్దేరుతున్నాం. పడవ డాక్టరు బండికి. నేను వెనకాల తాళ్ళూ సామాన్లూ వేసుకుని రావాలట. చూద్దాం.

మార్చి 26, సాయంత్రం 7

చేతులు ఇంకా నొప్పిగా ఉన్నాయి. అయినా రాయాలి.

షెడ్డు ముందు పడవ తగిలించగానే డాక్టరు బండి వెనక భాగం కుంగిపోయింది. హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్ని చూస్తున్నాయి. ఎవరూ పట్టించుకోలేదు, అంతా ఫొటోల గోలలో ఉన్నారు. అత్తగారిని పట్టుకుని పైకెక్కించారు. డాక్టరు భార్య, మా వదిన ఎక్కింది. మామగారు ముందు సీట్లో కూర్చున్నారు. నేను నా సినిమా కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

అప్పుడు మా బుడ్డది వాటర్ బాటిల్ మెడలో వేసుకుని వచ్చి, నా బండి దాటుకుని వెళ్ళి, ఆ బండిలో ఎక్కేసింది.

కొండ ఎక్కడం కాదు కళ్ళ ముందుకొచ్చింది, దిగడం. అవతలి వైపు మలుపులు, వెనక నుంచి 3100 కిలోలు నెట్టడం, ఆ మెత్తటి స్ప్రింగులు, తోక ఊపినట్టు ఊగే ట్రైలరు. ఇన్నాళ్ళూ అది తెలిసే కూర్చున్నాను. దిగమ్మా, మన బండిలో వెళ్దాం అన్నాను. రానంది. చెయ్యి పట్టి లాగితే ఏడ్చింది. దీన్నొక్కదాన్నీ దించితే మాత్రం? అత్తగారు ఉన్నారు, వదిన ఉంది.

చెప్పేశాను. అన్నయ్యా, ఈ ట్రిమ్ ఇంత బరువు లాగకూడదు, 2500 దాకానే, చివరి పేజీలో రాశారు అన్నాను.

వదిన ఫక్కుమంది. టైర్లయిపోయాయి, రంగయిపోయింది, అమ్మ మోకాళ్ళయిపోయాయి, ఇవాళ ఇదా మరిదిగారూ అంది. మా ఆవిడ నా చొక్కా లాగింది, సిగ్గుతో మొహం ఎర్రబడి. మామగారు, శుభమా అని బయల్దేరుతుంటే ఇవేం మాటలు అని కసిరారు. డాక్టరొక్కడే నవ్వలేదు. షోరూం వాళ్ళనడిగే కొన్నాను తమ్ముడూ అని ఎంతో నెమ్మదిగా చెప్పాడు. బ్రోషర్ చూపిద్దామంటే ఇంట్లో ఉంది. ఫోన్‌లో వెతుకుతుంటే మామగారు పోనీ పోనీ అని తలుపు మీద చరిచారు. ఆ టైర్ల గురించి నేను నోరు మూసుకుని ఉంటే ఇవాళ నా మాట చెల్లేది.

ఇంజను స్టార్ట్ అయింది. బండికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను.

“వదిన అన్నది నిజమే. నాకు కుళ్ళు. ఈ బండి చూసిన రోజు నుంచీ నిద్ర లేదు. నా బతుక్కి ఒక్కసారైనా మావయ్య పడవ నేను లాగాలి అన్నయ్యా. బతిమాలుకుంటున్నాను, నాకివ్వండి.”

అది నటన కాదు, అదే ఘోరం. ప్రతి మాటా నిజమే.

ఈసారి ఎవరూ నవ్వలేదు, అది ఇంకా నరకంగా ఉంది. మా ఆవిడ నేల చూపులు చూసింది. డాక్టరు బండి ఆపి, దిగి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

“దీనికి ఇంతలా అడగాలా తమ్ముడూ? నువ్వే లాగు.”

చంటిపిల్లాడికి గిలక్కాయ ఇచ్చినట్టు ఇచ్చేశారు.

కొండ ఎక్కడం సులువే. దిగేటప్పుడు వెనక నుంచి పడవ నెడుతుంటే నా బండి, ఇంత గట్టి బండి, ట్రైలర్ బ్రేకులు పట్టుకుంటున్నా సరే, మూలిగింది. ప్రతి మలుపులో అద్దంలోకి చూశాను. వెనకాల వస్తున్న ఆఫ్‌రోడ్ బండిలోంచి బుడ్డది చెయ్యి ఊపుతూనే ఉంది. నాకు చెయ్యి ఊపే ధైర్యం లేదు, స్టీరింగ్ వదిలితే కదా.

నీళ్ళ దగ్గర ఒండ్రు. నా టైర్లు అక్కడే గిర్రున తిరిగి కూరుకుపోయాయి. డాక్టరు చుట్టూ తిరిగి ముందుకొచ్చి, వించ్ తాడు వేసి, నన్నూ పడవనూ కలిపి ఊగే పన్ను పీకినంత సునాయాసంగా బయటికి లాగాడు. ఒకటే చప్పట్లు. మామగారు పడవలో మొదటి రౌండుకి పక్కన కూర్చోమని పిలిచింది ఆయన్నే.

బుడ్డది నిద్రపోతోంది. ఇప్పుడే వెళ్ళి చూసొచ్చాను.

మార్చి 28

ఫ్యామిలీ గ్రూపులో నా ఫొటో. బండికి అడ్డంగా, చేతులు జోడించి. చేతులు జోడించానని నాకే గుర్తు లేదు.

ఏప్రిల్ 1

బావమరిది ఎక్కడో దూరం నుంచి ఫోన్ చేసి, బావా, పడవ కావాలని ఏడ్చావటగా అన్నాడు. అవును అన్నాను.

ఏప్రిల్ 9

అత్తగారింట్లో అంతా ఉన్నారు. డాక్టరు ఆలస్యంగా, నేరుగా సర్వీస్ సెంటర్ నుంచి వచ్చాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. మాటల్లో పడవ బరువెంతో చెబితే అక్కడి మెకానిక్ పాన కింద పెట్టేశాడట. దాన్ని తగిలించుకుని కొండ దిగి ఉంటే ఈపాటికి మీ బండి కాదు, మీ ఫొటో నా ముందుండేది అన్నాడట. తమ్ముడు అన్నది అక్షరాలా నిజం, మనం నవ్వాం, నేను మూర్ఖుణ్ణి, క్షమించమన్నాడు. అందరి ముందూ. కళ్ళల్లో నీళ్ళు.

ఇప్పుడు నా వైపు తిరుగుతారనుకున్నాను. పన్నెండో తారీఖు నుంచీ అందుకే కదా బతికింది.

మామగారు లేచి వెళ్ళి డాక్టర్ని కౌగిలించుకున్నారు. తప్పు ఒప్పుకోవడానికి ఎంత పెద్ద మనసుండాలి అన్నారు. అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. వదిన మొగుణ్ణి చూసిన చూపు చూస్తే పెళ్ళి నిన్నే అయినట్టుంది. తర్వాత నా దగ్గరకూ వచ్చారు, రాకపోలేదు. బాగా గుర్తించావయ్యా అన్నారు మామగారు, ఫ్యూజు వేసినప్పుడు అన్నట్టే.

డాక్టరు మంచివాడు కూడా అయిపోయాడు. ఆ పేరు కూడా ఆయనకే.

బయటికొచ్చాక మా ఆవిడ ఒక్కటే అడిగింది, మీకు ఎప్పట్నుంచి తెలుసని. ఆ రోజు పొద్దున్నే తెలిసిందన్నాను. నా వైపు కాసేపు చూసింది. దారి పొడుగునా బుడ్డది తల నిమురుతూ కూర్చుంది.

ఏప్రిల్ 10

డాక్టరు తాళాలు తెచ్చిచ్చాడు. నీకంత ఇష్టమని నాకు తెలియలేదు తమ్ముడూ, వారం రోజులు ఉంచుకో, నీది నాకివ్వు, లాగడం నేర్చుకుంటాను అన్నాడు. వద్దనలేకపోయాను, నా తాళాలు ఆయనకిచ్చాను. ఎత్తుగా ఉంది. సీటు మెత్తగా ఉంది. బుడ్డది దిగనంటోంది. మా ఆవిడ ఎక్కలేదు.

ఏప్రిల్ 12

వాళ్ళ వీధిలోంచి వచ్చాను. డాక్టరు ఇంటి ముందు ఒక తెల్ల బండి ఆగి ఉంది. కడిగి తుడిచారు, మెరుస్తోంది. ఎంత బాగుందో. ఎవడిదో గానీ, అదృష్టవంతుడు.