ఎవరిదీ కాని వంటగది

కోట,
ఆదివారం, ఆరాధన అయ్యాక.

చిరంజీవి టైటస్‌కు అమ్మ దీవెనలు.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా రెండు మోకాళ్లూ. అక్కడ నువ్వు, షారన్, ఫేబీ కులాసా అని తలుస్తాను. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నా మాట సగంలో ఉండగానే "సరేలేమ్మా" అంటావు. కాగితం మీద అనలేవు.

నీ మెసేజీలో మూడు ప్రశ్నలున్నాయి. బడిలో ముప్పై నాలుగేళ్లు ప్రశ్నలు వేసిన దాన్ని, నన్ను నిలబెట్టి అడిగినవాడివి నువ్వే.

చెన్నైలో కొడుకు ఇల్లుండగా సర్వీస్ అపార్ట్‌మెంట్లో మూడు రోజులు ఎందుకున్నావు, అన్నది మొదటిది. బాగుంటుందని ఉన్నాను. తలుపుకు తాళంచెవి లేదు, అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. మంచం మీద తొమ్మిది దిండ్లు, పడుకోవాలంటే ముందు వాటిని దించాలి. గోడ మీద బొమ్మ ఏ వైపు నుంచి చూసినా తలకిందులుగానే ఉంది. వంటగదిలో వైను గ్లాసులు ఆరు, కారం డబ్బా పెట్టుకునే చోటు మాత్రం లేదు. ఆ గ్లాసుల్లో మజ్జిగ తాగాను. "అత్తయ్యా, షుగరు ఉంది కదా" అని గుర్తుచేసే మీ ఆవిడ పక్కన లేదు కాబట్టి కాఫీలో రెండు చెంచాల చక్కెర వేసుకున్నాను. గదులు మాట్లాడిపెట్టింది నా మనవరాలు ఫేబీ, నేను అడిగితేనే. పిల్ల ఫోను చూసి పిల్లను తిట్టావట. ఇంకోసారి తిట్టాలనిపిస్తే నాకు చెయ్యి ఫోను.

రెండోదాన్ని వదిలి మూడోదానికి వస్తాను. సంఘంలో తెలిస్తే ఏమనుకుంటారని అడిగావు. నేనే చెప్పాను. స్త్రీల సమాజంలో ఫొటోలు కూడా చూపించాను. ఫ్లోరా టీచరు దిండ్లు లెక్కపెట్టి, "ఈసారి పోతే నన్నూ పిలువు అక్కా" అంది.

ఇక రెండోది. నీతో ఉన్నది ఎవరు, అని అడిగావు.

మీ మేనత్త రెజీనా.

కాగితం కింద పెట్టకు. ఆమె కొడవలూరు ఓబులేసును, హిందువుల అబ్బాయిని పెళ్లి చేసుకుంటే మీ నాన్న "దాన్ని నా గడప తొక్కనివ్వను" అన్నారన్నది నీకు తెలిసిన సంగతి. ఆ మాట నిలబెట్టాలనే, నాలుగేళ్ల కిందట నాన్నను సమాధి చేసిన రోజు గేటు దగ్గరే ఆమెను ఆపేశావు. ఈ నెల పద్దెనిమిదిన మనింట్లో జరిగే జ్ఞాపకార్థ కూటానికీ పిలవనన్నావు. "నాన్న మాట దాటను" అని రాశావు. అది చదివాకే ఆమెకు ఫోను చేసి, రెండు మూడు రోజులు చెన్నైలో ఉందాం రమ్మన్నాను. ఎందుకని అడగలేదు, వచ్చింది.

రెండో రోజు వంజరం చేప తెచ్చుకున్నాం. నేను కోట నుంచి మోసుకెళ్లిన మట్టి దాకను పొయ్యి మీద పెడితే, ఆ కరెంటు పొయ్యి కీచుమందే గాని వేడెక్కలేదు.

"నీ దాకను ఇది లెక్కచేయడంలా వదినా," అంది రెజీనా.

స్టీలు గిన్నెలోకి మార్చాం. ఆమె పులుసులోకి మామిడికాయ కోస్తోంది. నేను గోడవైపు తిరిగి నిలబడి చెప్పాను.

"రెజీనా, నువ్వు బిడ్డనెత్తుకొని ఇంటికొచ్చిన రోజు గడియ వేసింది మీ అన్న కాదు. నేను."

"తెలుసులే వదినా. తలుపేసిన చేతికి గాజులుండాయి. మా అన్న గాజులేసుకుంటాడా?"

మామిడికాయ కోయడం ఆపలేదు.

"తెలిసి కూడా నాతో ఇక్కడికి వచ్చినావా?"

"ఎప్పటికి చెప్తావో చూద్దామని వచ్చినా."

టైటస్, ఆ రోజు నువ్వు బడిలో ఉన్నావు, మీ నాన్న గూడూరు పోయి ఉన్నారు. మా తమ్ముడికి పాస్టరుగారింటి సంబంధం కుదురుతున్న రోజులు. ఈమె మా ఇంట్లో కనిపిస్తే ఆ సంబంధం తప్పిపోతుందని భయపడ్డాను. సాయంత్రం మీ నాన్న వచ్చి, "రెజీనా ఏమన్నా వచ్చిందా?" అని అడిగారు. "మన గడప తొక్కనని కబురు పంపింది" అన్నాను. బయటివాళ్లతో "ఆయన తొక్కనివ్వనన్నారు" అన్నాను. ఆ రెండు అబద్ధాలూ ఒకదానికొకటి ఎదురుపడకుండా ముప్పై ఏళ్లు కాపలా కాశాను.

ఇది చెప్పినప్పుడు మాత్రం రెజీనా కత్తి కింద పెట్టింది.

"అన్న అడిగినాడా?"

"అడిగారు."

"నా పేరు పెట్టి అడిగినాడా?"

"పేరు పెట్టే."

పొయ్యి ఆపేసి బాల్కనీలోకి పోయి నిలబడింది. నేను వెంట పోలేదు. చాలాసేపటికి లోపలికి వచ్చి, "ఉప్పేసినావా వదినా?" అంది. వేయలేదు.

ఆమె ఇంటికి పోవడానికి నాకు మొహం చెల్లలేదు. మా ఇంటికి పిలిచి, గడియ వేసిన ఆ తలుపు దగ్గరే చెప్పే ధైర్యం లేదు. నీ ఇంట్లో చెబుదామంటే నువ్వు ఆమెను రానివ్వవు. అందుకే ఎవరిదీ కాని ఇల్లు కావలసి వచ్చింది.

నువ్వు నాలుగేళ్లుగా నిలబెడుతున్నది నాన్న మాట కాదు నాయనా, నా అబద్ధం. సమాధుల గేటు దగ్గర నువ్వు ఆమెను ఆపుతుంటే చూస్తూ కూడా నోరు విప్పని దాన్ని. అందుకు నిన్నేమీ అనను. కానీ ఇకమీదట తెలిసి చేస్తే అది నీ తప్పే.

పద్దెనిమిదిన రెజీనా, ఓబులేసు వస్తున్నారు. నా ఇల్లు, నేను పిలిచాను. ఏటా కూటంలో లేచి మీ నాన్న ఎంత పట్టుదల మనిషో సాక్ష్యం చెప్తాను, అందరూ తలలూపుతారు. ఈసారి తలుపు వేసింది ఎవరో చెప్తాను. పాస్టరుగారు మధ్యలో పాట ఎత్తుకుంటే, పాట అయ్యేదాకా నిలబడి మిగతాది చెప్తాను. ఇది పరువు తక్కువ అనిపిస్తే నువ్వు రావద్దు. వస్తే మాత్రం ముందు వరసలో మీ అత్త పక్క కుర్చీ నీది.

పొద్దున పది గంటల బస్సుకు దిగుతారు. ఎదురు వెళ్లవలసింది నువ్వే. ఏం మాట్లాడాలో తెలియకపోతే ఏమీ మాట్లాడవద్దు. ఆమె చేతిలో సంచీ అందుకో.

ఇట్లు,
తన తప్పు తాను దిద్దుకుంటున్న
మీ అమ్మ,
సామ్రాజ్యం