మూడో ముక్క

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ, మీ బావ, పిల్లలు అందరూ కులాసా. నా సంగతి మాత్రం అడక్కు.

నిన్న ఉన్నట్టుండి ఫోన్ చేసి, "ఆ లిఫ్టు బుట్ట ఎక్కావంటే నా మీద ఒట్టే!" అని అరిచాను. "పిచ్చిగానీ పట్టిందా అక్కా?" అన్నావు. ఒట్టు పెట్టాను కాబట్టి ఎక్కవని నమ్ముతున్నాను. కారణం చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను, అందుకే ఈ కాగితం. అసలే నా రాత కోడి కెలికినట్టుంటుందని వెక్కిరిస్తావు. సర్దుకుని చదువు.

ముందు నీ ఉత్తరానికి జవాబు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, నన్ను తిట్టే ఓపిక కూడా వచ్చింది. నీ కూతురికి పన్ను వచ్చిందన్నావు, ఫొటో పంపు. లిఫ్టు పొడవాటి ఉక్కు చేతి చివర బుట్టలో నిలబడి, ఎత్తు మీద మేడలకు అద్దాలు బిగించే పని మానెయ్యమని మరదలు పోరు పెడుతోందని మొర పెట్టుకున్నావు. ఇన్నాళ్లూ నీ వైపే మాట్లాడాను. ఇక మాట్లాడను.

"మీ మిల్లు ఉక్కు అంత పలచగా ఉంటే నన్నెలా మోస్తుందక్కా?" అని అడిగావు. ఉక్కు లోపల కంటికి ఆనని రేణువులుంటాయి. అవి ఎంత చిన్నవైతే ఉక్కు అంత గట్టి. ఖరీదైన లోహాలేవీ కలపకుండా, మామూలు ఉక్కునే తగిన వేడిలో రోలర్ల కింద నలిపి, వెంటనే నీళ్లతో చల్లార్చి, ఆ రేణువుల్ని పదో వంతుకు తెచ్చాం. మా లేబుకు మూడేళ్లు పట్టింది. సగం మందం రేకు అంతే బరువు మోస్తుంది. నువ్వెక్కే లిఫ్టు చెయ్యి అంత పొడుగ్గా, తేలిగ్గా ఉండేది అందుకే. కానీ వేడి కాస్త అటూ ఇటూ అయిందా, అక్కడక్కడా రేణువులు లావెక్కుతాయి. అలాంటి చోట చలిలో ఉక్కు వంగదు, సాగదు. ముందు చిన్న చప్పుడైనా చెయ్యకుండా పుటుక్కున విరుగుతుంది.

ఉత్తరం చివర "కొత్త లిఫ్టు వచ్చిందక్కా, మీ ఉక్కే!" అని గొప్పగా రాసి, దాని చేతి మీద చెక్కిన నంబరు కూడా దించావు. అది చూడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఆ నంబరు పోత, అంటే ఒక్కసారిగా కరిగించి పోసిన ఉక్కు, నాకు బాగా గుర్తు. ఆ ప్లేట్లు రోలింగ్‌లో ఉండగా మిల్లు ఇరవై నిమిషాలు ఆగిపోయి, వేడి తప్పింది. మర్నాడే కొనేవాళ్ల తనిఖీ. ప్రతి పోత నుంచీ మూడు ముక్కలు కోసి, బాగా చల్లబరిచి, సుత్తి యంత్రంతో కొట్టి చూస్తాం. రెండు ముక్కలు తట్టుకున్నాయి. మూడోది ఠపీమని రెండైంది. విరిగినచోట పంచదార పలుకుల్లా తళతళ. రేణువులు లావెక్కాయనడానికి అదే గుర్తు, లేబులో మేం భయపడేది దానికే.

ముక్క కోతలో లోపముంటే మళ్లీ కోసి చూడవచ్చని మా రూలు. లోపమేమీ లేదు. ఉందని రాశాను. అంతటితో ఆగానా! ప్లేటులో నాలుగైదు చోట్ల తునకలు తీసి, మైక్రోస్కోప్‌లో చూసి, రేణువులు సన్నగా ఉన్న చోటే సుద్దతో గీత గీశాను. రంపం దగ్గరి బాబాయి, "ఎప్పుడూ కోసేది ఇక్కడ కాదు కదమ్మా?" అన్నాడు. "చెప్పింది కొయ్యి బాబాయ్, నీకెందుకు?" అని కసిరాను. ఈసారి మూడూ తట్టుకున్నాయి. సంతకం పెట్టాను. నన్నెవరూ బలవంతపెట్టలేదురా. మూడేళ్ల కష్టం ఒక్క ముక్క దగ్గర పోతుందేమోనని నా అంతట నేనే చేశాను.

మీ దగ్గర చలి మొదలైందని రాశావు. ఆ మాట చదివినప్పటి నుంచి కళ్లు మూస్తే బుట్టలో నువ్వే కనిపిస్తున్నావు.

ఇంకొకటి ఉంది. ఇది మరీ సిగ్గుచేటు. ఇదంతా జరిగి ఎనిమిది నెలలైంది. ఎనిమిది నెలలూ హాయిగా నిద్రపోయాను. నువ్వు పంపిన నంబరు చూశాకే భయం పుట్టింది. నిన్న రికార్డు తీశాను. ఆ పోతతో పద్నాలుగు లిఫ్టులు చేశారు. నీ ఒక్కడికి ఫోన్ చేసి, హమ్మయ్య అనుకుని కూర్చున్నాను. ఒట్టు నీకే పెట్టాను. నువ్వు ఎక్కకపోతే ఆ బుట్టను ఖాళీగా ఉంచరు కదా, నీ జోడీని ఎక్కించి ఉంటారు. అది కూడా ఇప్పుడు రాస్తుంటేనే తట్టింది. మిగతా పదమూడింటిలో ఎవరెవరున్నారో నాకు తెలీదు. వాళ్లకు మా లేబులో అక్కలు లేరు.

మా లేబు పెద్దసారు గది తలుపు తెరిచే ఉంది. చేసింది ఒప్పుకుని, మీ మేస్త్రీకీ, మిగతా పదమూడు చోట్లకీ అక్కడి నుంచే ఫోన్ చేయిస్తాను. ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెడతారేమో. నీకు ఇదంతా చక్కగా వివరించి రాస్తూ గంట కూర్చున్నాను. ఆ గంటసేపూ వాళ్లు పైనే ఉన్నారురా. లేస్తున్నాను.

ఇట్లు,
భయంతోనే వెళ్తున్న
నీ అక్క