ఎక్కడికని అడగని వీధి

ఆగస్టు 6

వాన. అక్షరాలు కష్టమైన పిల్లల కోసం పెట్టిన మా రిసోర్స్ రూము రేకుల మీద ఒకటే మోత... నా గొంతు నాకే వినపడలేదు. సరే, ఈ రోజు పాఠం లేదు అన్నాను. పిల్లలు ఇసుక ట్రేలు ముందుకు లాక్కున్నారు. వేలితో అక్షరం రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం. పదో తరగతి పిల్లలు ఇసుకలో దిద్దడమేమిటని స్టాఫ్ రూములో నవ్వుతారు. నవ్వనీ. కొందరికి కంటికి నిలవనిది వేలికి నిలుస్తుంది.

రత్నం మాత్రం రాయలేదు. ఇసుకను అరచేత్తో చదును చేస్తూనే ఉంది. బాగా చదునయ్యాక నా వైపు చూసి, "ఇలా ఉంటేనే బాగుంది టీచర్" అంది.

నిజమే, బాగుంది. నేనూ కాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఆగస్టు 9

చరిత్ర పాఠం చదివి వినిపించాను. రత్నం కళ్ళు మూసుకుని వింది. తర్వాత మొత్తం తిరిగి చెప్పింది. కాస్త తెలుగు, కాస్త హిందీ, మధ్యలో ఇంగ్లీషు, చేతులు తిప్పుకుంటూ. ఒక్క ముక్క వదల్లేదు. అదే పేజీ చేతికిచ్చాను. రెండో లైను దగ్గర ఆగిపోయింది.

"కదుల్తున్నాయి టీచర్."

ఏవి?

"అన్నీ."

మధ్యలో కిటికీ కోసిన అట్టముక్క పేజీ మీద పెట్టాను, ఒక్కో లైనే కనపడేటట్టు. కొంచెం నయం. కొంచెమే.

నోటితో పరీక్ష పెడితే ఈ పిల్ల హాయిగా పాసవుతుంది. చేత్తో అంటే... పోయినేడు చూశాంగా. అన్నీ తెల్ల కాగితాలే. ఏడుపొచ్చింది నాకు. ఆమెకు రాలేదు.

ఆగస్టు 21

సర్టిఫికెట్ కావాలి. చదవడంలో ఇబ్బంది ఉందని డాక్టరు రాసిస్తే చాలు, బోర్డు పరీక్షలో రత్నం చెబుతుంటే ఇంకొకరు రాస్తారు. టైమూ ఎక్కువిస్తారు. అది లేకపోతే మళ్ళీ తెల్ల కాగితాలు.

ఆ పరీక్షలు చేసే డాక్టరమ్మ మా దీవికి మెయిన్‌లాండ్ నుంచి రావాలి. అక్టోబరులో వస్తుందట. వచ్చి రెండు రోజులుంటుందట. తప్పిపోతే మళ్ళీ వచ్చే ఏడే, అప్పటికి రత్నం పరీక్ష అయిపోతుంది.

సెప్టెంబరు 2

జంగ్లీఘాట్ జాలర్ల వీధికి వెళ్ళాను. రత్నం వాళ్ళ నానమ్మ నూకమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు ఏరుతోంది. తల్లి పోయింది, తండ్రి ఎప్పుడూ సముద్రం మీద చేపల వేటలోనే. ఆ ఇంట్లో మాట ఈమెదే.

"మా పిల్లకి పిచ్చేటి, డాకటరుకి సూపించడానికి?"

పిచ్చి కాదు మామ్మా, బుర్ర బంగారం, అక్షరాలే నిలవట్లేదు అన్నాను.

"నాకూ నిలవవు. నాను బతకలేదేటి?"

ఇంతలో లోపల్నుంచి రత్నం... "నాకెళ్ళాలనుంది మామ్మా. క్లాసులో అందరూ రాస్తుంటే ఊరికే కూకోలేను."

నూకమ్మ చేపల తట్ట పక్కకు నెట్టింది. తర్వాత చెయ్యి కడుక్కొచ్చి నాకు టీ పెట్టింది. ఒప్పుకున్నట్టే.

సెప్టెంబరు 19

మబ్బు. కిటికీలోంచి సముద్రం కనపడటం లేదు, ఉందని తెలుస్తోంది అంతే. క్లాసులో సలీం బల్ల మీదే నిద్రపోయాడు. లేపలేదు.

అక్టోబరు 14

నన్ను నేను ఏమనుకోవాలో తెలియడం లేదు.

డాక్టరమ్మ నిన్ననే వచ్చింది. రత్నానికి ఈ ఉదయం టైమిచ్చారు. నేను గరాచర్మలో మా ఇంటి నుంచి ఆటోలో జంగ్లీఘాట్ వచ్చాను, దగ్గరుండి తీసుకెళదామని. వీధి మలుపు తిరిగేసరికి రత్నం అప్పుడే గడప దాటుతోంది. నీలం రిబ్బన్లు, కొత్త చెప్పులు. ఎంత ముద్దొచ్చిందో! ఆటోలోంచే తల బయటపెట్టి గట్టిగా అరిచాను.

"అరే రత్నం, కహాఁ చలీ?"

అంతే. వేసిన కాలు వేసినట్టే ఆగిపోయింది. వెనక నూకమ్మ "అడిగేసింది" అంది, అదీ మెల్లగా. రత్నం వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

వేటకెళ్ళేవాళ్ళ ఇళ్ళల్లో బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే ఆ రోజు పడవ కదలదు. నాకు తెలియనిదా! ఈ వీధి పిల్లల మధ్యే కదా ఇన్నేళ్ళుగా బతుకుతున్నాను.

"హిందీలో కదా మామ్మా అడిగాను" అన్నాను. నిజంగా అన్నాను ఆ మాట. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

"గంగమ్మ తల్లికి ఇందీ రాదనుకున్నావేటి టీచరమ్మా? ఇన్నేళ్ళబట్టీ ఈ సముద్రంలోనే ఉంది కదా."

రేపు డాక్టరమ్మ ఉండదు మామ్మా అన్నాను. బతిమాలాను. కోపం కూడా వచ్చింది, దాచలేదు. ఆమె అంతా విని ఒక్క మాటే చెప్పింది. "మా పెద్దోడిని ఇలాగే ఎవురో అడిగారు. నవ్వేసి ఎల్లిపోనాడు."

ఆ పెద్దోడి ఫోటోకి వేసిన దండ గుమ్మంలోంచి కనపడుతూనే ఉంది. ఆటోని వెనక్కి తిప్పమన్నాను.

అక్టోబరు 15

రత్నం బడికి రాలేదు. రాత్రి ఇంట్లో మా అమ్మతో చెప్పాను. "ఆటోలోంచి అరవకపోతే ఏం పోయింది నీకు?" అంది. ఏం పోయేది కాదు.

అక్టోబరు 16

గాలి. పొద్దున్నుంచి కొబ్బరిచెట్లు ఒకే వైపుకి ఊగుతున్నాయి. రత్నం వచ్చింది, రిబ్బన్లు లేవు. నా పక్కనే కూర్చుని ఇసుక చదును చేసుకుంది. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం తెలిసింది... గాలివానకి నిన్నటి విమానం ఎగరలేదు, ఇవాళ్టిదీ లేదు. డాక్టరమ్మ గెస్ట్‌హౌస్‌లోనే ఉందట. పరుగున వెళ్ళి ఫోను చేశాను. "రేపు పొద్దున తీసుకురండి. నేనూ వాన చూస్తూ ఖాళీగా కూర్చున్నాను" అంది. ఆ గొంతు ఎంత చల్లగా ఉందో.

నూకమ్మకి కబురు చెప్పాను. "నువ్వు ఇంటికి రాకు. సందు సివర నిలబడు. నోరిప్పకు" అంది. సరే మామ్మా.

అక్టోబరు 17

ఇది కల కాదని రాసుకోవాలి.

సందు చివర గొడుగు కింద నిలబడ్డాను. తుంపర. నూకమ్మ తెల్లారుతూనే ఇల్లిల్లూ తిరిగి చెప్పేసిందట. రత్నం గడప దాటింది. వీధి వీధంతా మాట ఆపేసింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెల వైపు తిరిగారు. టీ కొట్టు భయ్యా గ్లాసులు కడుగుతూ తలెత్తలేదు. వల బాగుచేసుకుంటున్నవాళ్ళు ఆ వలలోకే చూస్తున్నారు. చిన్నపిల్ల ఒకతి "రత్నం దీదీ" అని మొదలెట్టబోయింది, వాళ్ళమ్మ నోట్లో బిస్కట్ కుక్కింది. రత్నం నడుస్తూ వస్తోంది. అందరూ అక్కడే ఉన్నారు, ఎవరూ చూడటం లేదు. ఒక్క పిల్ల ఆసుపత్రికి వెళ్ళాలని ఇంతమంది ఊపిరి బిగబట్టారు. నాకు కళ్ళు మసకబారాయి.

ఆటో అతనికి ఎక్కడికో ముందే చెప్పి ఉంచింది నూకమ్మ, అతను అడగాల్సిన పని లేకుండా. ముగ్గురం ఎక్కాం. ఆసుపత్రి దాకా ఎవరం మాట్లాడలేదు.

లోపల చాలాసేపు పట్టింది. బల్ల మీద నూకమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. చేపల వాసన, తడి చీర వాసన. నాకు హాయిగా ఉంది. ఎందుకో చిన్నప్పుడు మెయిన్‌లాండ్ ఓడలో మా అమ్మ ఒళ్ళో పడుకున్నట్టు.

రత్నం బయటికొచ్చి, "బొమ్మలూ కథలూ బాగా చెప్పానంట. చదవమన్నప్పుడే... వహీ హాల్, మళ్ళీ అదే కత" అంది. నవ్వింది కూడా.

అక్టోబరు 30

కాగితం డాక్టరమ్మ ఊరు వెళ్ళి పంపాలట. అక్కడ ఇంకొకరు సంతకం పెట్టాలట. "ఏం రాస్తారో నేను చెప్పలేను, చూద్దాం" అంది ఫోనులో. అడిగి పొరపాటు చేశానేమో.

నవంబరు 4

రత్నం చెబుతుంటే తొమ్మిదో తరగతి సునీత రాయడం అలవాటు చేసుకుంటోంది. సునీత చెయ్యి వెనకబడుతోంది, రత్నం ఆగి, ఆమె ముఖం చూసి, మళ్ళీ అందుకుంటోంది. ఇద్దరూ పడవ తోస్తున్నట్టు ముందుకీ వెనక్కీ ఊగుతున్నారు. చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో... బెల్లు కొట్టింది కూడా వినలేదు.

కాగితం రాకపోతే ఇదంతా ఏం చేసుకోను?

నవంబరు 11

రాలేదు.

నవంబరు 13

బోర్డుకి పంపే గడువు శుక్రవారంతో ఆఖరు. ప్రిన్సిపల్ రెండుసార్లు పిలిచి అడిగారు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక రత్నం ఇసుక ట్రేలు సర్దుతూ ఉండిపోయింది.

"ఆ కాగితంలో ఏం రాసుంటాది టీచర్?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "నీకు చదవడం కష్టమని ఉంటుంది" అన్నాను.

"అచ్ఛా."

ట్రే మీద ట్రే పెట్టింది. తుడిచిన బల్లే మళ్ళీ తుడిచింది.

"అది వస్తే మీరు చదివేయకండి టీచర్. నాకివ్వండి. ముందు నేను చదువుతాను. ఎంతసేపైనా సరే."

సరే అన్నాను. ఈ రోజు టపాలోనూ రాలేదు.