మీ పుచ్చుపన్ను

ఏవండీ,

ఈరోజు చర్చిలో మీ జ్ఞాపకార్థ కూటం. నేను వెళ్ళలేదు. ఏలూరులో ఆయాగా చేస్తున్న డెంటల్ కాలేజీకే వెళ్ళాను.

అక్కడి డాక్టరమ్మ మంచి పళ్ళలోనూ పుచ్చిన పళ్ళలోనూ గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే పంటిని బాగుచేసే పదార్థాలు, ఎంతెంత ఉంటాయో చూస్తోంది. పోయినవారం డబ్బీలో దాచిన మన పళ్ళు ఇచ్చాను. మీరు పోయేముందు పుచ్చిందని పీకించుకున్నదొకటి, అత్తిలి పెళ్ళిలో మీ చెంపదెబ్బకు ఊడిన నాదొకటి. "పుచ్చుపన్నులెండి, ఎలాగూ ఊడేదే" అని చుట్టాలందరికీ చెప్పారు కదా.

ఇవాళ ఆవిడంది: "మీ పన్ను గట్టిదేనండీ, ఎక్కడా పుచ్చు లేదు. మీ ఆయన పంట్లోనే ఆ పదార్థాలు ఎక్కువ. పుచ్చిన పన్ను తనను తాను బాగుచేసుకోవాలని చూస్తుందండీ."

నవ్వొచ్చింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో, మీలో బాగుపడాలని చూసింది ఆ ఒక్క పన్నేనన్నమాట.