బంగారు రంగు సవరం

శనివారం, గ్రేటర్ నోయిడా

రేపు పార్లర్‌లో జుట్టు బ్లీచ్ చేయించి హైలైట్స్ వేయించుకుందామనుకున్నాను. ఈ సాయంత్రం హాస్టల్ గదిలో నాతో ఉండే నైజీరియా అమ్మాయి గ్రేస్, తన చిక్కటి రింగుల జుట్టులో బంగారు రంగు పెట్టుడు జుట్టు పాయలు కలిపి సన్నని జడలు అల్లుకుంది. మందు లేదు, రంగు లేదు, ఒక్క వెంట్రుకకీ హాని లేదు. తల తిప్పితే గదిలో వెలుగు కదిలింది!

"అచ్ఛా, మీ తెలుగులో దీన్నేమంటారు?" అంది, మిగిలిన పాయ ఒకటి చూపిస్తూ.

"సవరం," అనేసి నేనే ఉలిక్కిపడ్డాను. అక్క పెళ్లిలో అమ్మ నా జడకు సవరం పెట్టబోతే, పాతకాలపుదని విసిరికొట్టాను.

వెంటనే అమ్మకు ఫోన్ చేసి, అది ఇంకా ఉందా అని అడిగాను.

"ఎందుకుండదే? నువ్వు పుట్టాక రాలిన నా జుట్టంతా దాచి కట్టించిన సవరం అది," అంది.