పొద్దు కొలిచే పెట్టె

వరంగల్, హాస్టల్
ఆగస్టు 1993

ప్రియమైన బాపుకు,

సెలవుల్లో నీ పనిబల్ల మీద బిగించిన పెట్టె ఎట్లా పనిచేస్తోంది? పనిలో పడితే నీకు లైటు వేసుకోవడం గుర్తుండదు. కమ్మలకు రాళ్ళు పొదిగే కళ్ళు అవి. అవి పోతే మన ఇంటికి ఇంకో ఆధారం లేదన్న భయంతోనే ఆ పెట్టె చేశాను. ముందున్న చిన్న బిళ్ళ కిటికీ వెలుతురు ఎంతో కొలుస్తుంది. వెలుతురు తగ్గేకొద్దీ మీటర్ ముల్లు దిగుతుంది. రెండు కంటే కిందికి దిగితే టక్కుమని లైటు దానంతటదే వెలుగుతుంది.

నీ బిడ్డ,
కుసుమ

బొల్లారం
సెప్టెంబర్

బంగారు తల్లి కుసుమకు బాపు దీవెనలు.

పెట్టె మంచిగనే ఉంది గాని జెర సోమరిది. నాలుగింటికే బల్ల మీద చీకటైతది, అది వెలగదు. పక్క షాపు కామరాజు "చారీ, నీ బిడ్డ పెట్టె సుత నీ లెక్కనే తాపీగ పనిచేస్తది" అని నవ్విండు. నిన్న కమ్మల రాయి వంకరగ కూసుంది. ఇన్నేండ్లల్ల గిట్ల కాలే. పరేషాన్ అయితున్న. ఏం చెయ్యాల్నో చెప్పు.

మీ బాపు,
బ్రహ్మచారి

వరంగల్
సెప్టెంబర్

ప్రియమైన బాపుకు,

నీ ఉత్తరంలో వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, అంత తొందరేమిటి? పెట్టె పక్కనున్న మరను కొద్దిగా కుడికి తిప్పు, లైటు ముందే వెలుగుతుంది. అయినా కుదరకపోతే, నీకు చీకటైందనిపించినప్పుడు ముల్లు ఎక్కడుందో అమ్మను చూడమను. తర్వాత బిళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి చూడమను. ముల్లు కదలకపోతే బిళ్ళ చెడిపోయినట్టే. ఈసారి వచ్చినప్పుడు రాణీగంజ్‌లో కొత్తది కొంటాను.

కుసుమ

బొల్లారం
అక్టోబర్

బిడ్డా కుసుమా,

మర ఆఖరుదాక తిప్పిన. ఇప్పుడు లైటు పొద్దంతా వెలుగుతనే ఉంది, అయినా చాలదు. పక్కనే పెట్టిన వేడి పట్టకారు కనబడక చెయ్యి కాల్చుకున్న. నిన్న చీకటైందని అమ్మను పిలిచిన. ముల్లు నాలుగు మీద ఉందన్నది. చెయ్యి అడ్డం పెడితే సున్నాకు దిగిందట. చెయ్యి దించి నా కండ్ల దిక్కే చూసింది. కమ్మల పనిచ్చే సేఠు తన పని వాపసు తీసుకపోయిండు. ఈ పెట్టె అబద్ధం చెప్తంది. కొత్త బిళ్ళ తే.

బాపు

వరంగల్
అక్టోబర్

బాపూ,

కోప్పడకు. నాలుగు అంటే మిట్టమధ్యాహ్నం వెలుతురు. చెయ్యి అడ్డం పెడితే దిగిందంటే బిళ్ళ బాగానే ఉంది. మరను తిప్పమని నేనే చెప్పాను, నీ కళ్ళ గురించి ఒక్క మాట కూడా అడగలేదు. ఏడుపొస్తోంది. శనివారం వస్తున్నాను, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్దాం. అప్పటిదాకా నిప్పు ముందు కూర్చోకు.

నీ కుసుమ

బొల్లారం
డిసెంబర్

నా తల్లి కుసుమకు,

నేను చెప్తుంటే మీ అమ్మ రాస్తంది. మందులకు పోయినప్పుడు డాక్టర్‌ను మళ్ళ అడిగిన. కండ్లల్ల నీటికాసుల జబ్బుతోని పోయిన చూపు మళ్ళ రాదన్నడు. మిగిలింది సుత ఎన్నాళ్ళుంటదో చెప్పలేనన్నడు. బల్ల, పట్టకార్లు కామరాజుకిచ్చిన. పెట్టె ఇయ్యలే.

మరను నువ్వు మొదట పెట్టిన కాడికే అమ్మతోని తిప్పించిన. నువ్వు చక్కగనే చేసినవు బిడ్డా, నేనే దాన్ని తిట్టిన. రోజూ కిటికీ కాడ కూసుంట. అది టక్కుమన్నంక, పొద్దుగూకిందని లేచి లోపలికి పోత.

మీ బాపు