సింకు కింది వాల్వు

వదినకు,

నువ్వు కబురు పెట్టిన పని పూర్తయింది. స్నానాలగదికి వేడినీళ్ల లైను సీపీవీసీ పైపుతోనే వేశాను. మామూలు పీవీసీ వేడికి మెత్తబడి వంగిపోతుంది. ఖరీదని అన్నయ్య గొణిగినా పట్టించుకోకు.

ఇక మా ట్యాంకు నుంచి మీ వంటింటికి వచ్చే పాత లైను సంగతి. దాన్ని కోసి మూత అతికించేయమన్నాడుగా. నేను సింకు కింద దూరి పనిచేస్తుంటే గుమ్మంలో నిలబడి, "జిగురు బాగా పూశావా?" అన్నాడు. ఇల్లు పంచుకున్నాక నాతో మాట్లాడిన మొదటి మాట అదే. పూశానన్నాను. అబద్ధం కాదు.

కాకపోతే నేను అతికించింది మూత కాదు, వాల్వు. మూతయితే మళ్లీ పైపు కోయాల్సిందే. వాల్వు ఇప్పుడు కట్టేసి ఉంది, నీ చేతికి అందేలా పెట్టాను. మీ కొత్త ట్యాంకు ఎండిన రోజున తిప్పు. మా వైపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

నీ మరిది